రేవులో ఓడ, ఒడ్డున బస్సు

ఈ సంచిక కోసం మాకు అందిన ప్రయాణ సంబంధమైన ఉత్తరాలలో చాలావరకు క్రూయిజ్‌ల గురించే ఉన్నాయి. ఓడ రేవులో ఆగే కొద్ది గంటల్లో గైడు వెంట ఉండే బస్సు టూరుకు వెళ్లడం మంచిదేనా, వెళితే దేనిని చూసి ఎంచుకోవాలి అన్నది వాటి సారాంశం. వాటిలో ఆరింటికి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మేమిద్దరం మొదటిసారి మధ్యధరా సముద్రంలో క్రూయిజ్‌కు వెళుతున్నాం. ఓడ ఉదయం 7 గంటలకు చివితావెక్కియా రేవు చేరి, సాయంత్రం 7 గంటలకు బయలుదేరుతుంది. పది గంటల రోమ్ టూరు ఒకటి, దగ్గరలోని తార్క్వినియాకు తీసుకువెళ్లే నాలుగు గంటల టూరు ఒకటి ఉన్నాయి. అంత దూరం వెళ్లి రోమ్ చూడకుండా వస్తామా అని మావారు అంటున్నారు. నాకేమో పది గంటలు బస్సులో ఏం కూర్చుంటామని అనిపిస్తోంది. ఏది మంచిది?

జవాబు: ముందుగా పన్నెండు గంటలు ఎక్కడెక్కడ ఖర్చవుతాయో చూద్దాం. ఓడ 7 గంటలకు రేవు చేరినా, దానిని కట్టి, స్థానిక అధికారుల అనుమతి వచ్చి, మెట్ల దారి తెరిచేసరికి అరగంట నుంచి గంట పడుతుంది. సాయంత్రం 7 గంటలకు బయలుదేరే ఓడలోకి సాధారణంగా కనీసం అరగంట ముందే అందరూ చేరిపోవాలి. అంటే మీ చేతికి వచ్చేది పదిన్నర, పదకొండు గంటలు.

చివితావెక్కియా నుంచి రోమ్ సుమారు 80 కిలోమీటర్లు. రోడ్డు సజావుగా ఉంటే బస్సుకు గంటన్నర, రానూపోనూ మూడు గంటలు. పది గంటల టూరులో మిగిలే ఏడు గంటలలో భోజనానికి ఒక గంట తీసేయండి. ఆ తరువాత టూరు కరపత్రాలలో ఎక్కడా రాయని ఖర్చు ఒకటుంది: నలభై మందిని బస్సు దించడం, మళ్లీ ఎక్కించడం, లెక్క పెట్టడం. ఒక్కో మజిలీకి పావుగంట చొప్పున నాలుగు మజిలీలకు మరో గంట పోతుంది. చివరికి రోమ్ నేల మీద మీరు గడిపేది సుమారు అయిదు గంటలు. ఇది తక్కువేమీ కాదు, అయితే ఆ అయిదు గంటలను తొమ్మిది ప్రదేశాలకు పంచిన టూరు ఒకటి, రెండు ప్రదేశాలకే ఇచ్చిన టూరు ఒకటి పక్కపక్కనే అమ్మకానికి ఉంటాయి. ప్రదేశాల సంఖ్య చూసి మొదటిదానిని కొనేవారే ఎక్కువ. నా సలహా రెండోది.

కరపత్రం చదివేటప్పుడు ప్రదేశాల పేర్ల కంటే వాటి పక్కనున్న క్రియలను జాగ్రత్తగా చూడండి. ‘కొలోసియం మీదుగా వెళతారు’ అంటే కిటికీలోంచి చూస్తారని, ‘కొలోసియం దగ్గర ఆగుతారు’ అంటే ఫొటో తీసుకునేంత సేపు బయట నిలబడతారని, ‘ప్రవేశ రుసుము కలిపి’ అని ఉంటేనే లోపలికి వెళతారని అర్థం. ‘పనోరమిక్’ అన్న మాట కనిపిస్తే అది చాలావరకు సీటులో కూర్చుని చూసే టూరేనని అనుకోవచ్చు. పైగా రోమ్ పాత నగర భాగంలోకి పెద్ద బస్సుల రాకపోకలపై ఆంక్షలున్నాయి కాబట్టి, బస్సు దింపిన చోటు నుంచి కొంత దూరం నడక తప్పదు.

ఇక తార్క్వినియా విషయం. దీనిని రోమ్‌కు బదులుగా దొరికే చిన్న టూరు అని తీసిపారేయవద్దు. రేవుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరి దగ్గర, రోమన్ల కంటే ముందు ఆ ప్రాంతాన్ని ఏలిన ఎట్రుస్కన్ల శ్మశానవాటిక ఉంది. గోడలపై చిత్రాలున్న సమాధులు అక్కడ 200 వరకు ఉన్నాయి, వాటిలో అత్యంత పాతవి క్రీస్తుపూర్వం 7వ శతాబ్దానికి చెందినవి. చెర్వెతెరి అనే మరో ఊరి శ్మశానవాటికతో కలిపి 2004లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సందర్శకులకు తెరిచి ఉంచినవి వాటిలో కొన్నే. పైన చూస్తే గడ్డి మైదానంలో చిన్న చిన్న గదులు తప్ప ఏమీ కనిపించదు. ఒక గదిలోకి వెళ్లి ఇరుకైన మెట్లు దిగి, అడుగున ఉన్న గాజు తలుపు ముందు నిలబడి మీట నొక్కితే దీపం వెలుగుతుంది. అప్పటిదాకా చీకటిగా ఉన్న గోడ మీద విందులో ఒరిగి కూర్చున్న మనుషులు, నాట్యం చేసేవారు, ఎగిరే పక్షులు ఒక్కసారిగా ప్రత్యక్షమవుతాయి. కొద్దిసేపట్లో దీపం ఆరిపోతుంది, వెనుకనున్నవారు మళ్లీ నొక్కుతారు. మధ్యాహ్నం భోజనం వేళకు మీరు ఓడలో ఉంటారు.

మీ దంపతుల తగువు తీర్చాలంటే నేను ఒక కొలత వాడతాను: టూరు మొత్తం సమయంలో ప్రయాణానికే మూడో వంతు కంటే ఎక్కువ పోతుంటే వద్దనుకుంటాను. పదిలో మూడు గంటల రోమ్ ఆ గీతకు ఇవతలే ఉంది. మళ్లీ ఇటలీకి వెళ్లే అవకాశం లేదని మీకు గట్టిగా అనిపిస్తే మీవారి మాట వినండి, కానీ రెండు ప్రదేశాల టూరు మాత్రమే కొనండి. ఇదే కొలతతో చూస్తే, లె హావ్ర్ రేవు నుంచి దాదాపు 200 కిలోమీటర్లున్న పారిస్, వార్నెముండే నుంచి ఒకవైపే మూడు గంటలు పట్టే బెర్లిన్ గీతకు అవతల పడతాయి. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక మొత్తం 45 నిమిషాల విరామం తీసుకోవాలి. అందుకని ఆలస్యమైన దూరపు టూరులో డ్రైవరును తొందరపెట్టడం కూడా కుదరదు.

ప్రశ్న: ఓడవాళ్లు అమ్మే టూరుకు, బయటి సంస్థ అమ్మే అదే టూరుకు ధరలో చాలా తేడా కనిపిస్తోంది. తిరిగి రావడం ఆలస్యమైతే ఓడ నిజంగానే వదిలేసి వెళ్లిపోతుందా?

జవాబు: వెళ్లిపోతుంది. రేవులో ఓడ నిలిపే స్థలానికి, ఓడకు రేవులో దారి చూపే పైలట్ సేవకు ముందే సమయం కేటాయిస్తారు. తరువాతి రేవుకు వేళకు చేరాలి. ఒకరిద్దరి కోసం కెప్టెన్ కొద్ది నిమిషాలు చూడవచ్చునేమో కానీ, దాని మీద ఆశ పెట్టుకుని టూరు కొనకూడదు. ఓడ ద్వారా కొన్న టూరు బస్సు ఆలస్యమైతే మాత్రం పరిస్థితి వేరు. ఆ బస్సు ఎక్కడుందో ఓడకు తెలుస్తుంది, వీలైనంతవరకు ఆగుతారు, ఆగలేకపోతే తరువాతి రేవుకు మిమ్మల్ని చేర్చే బాధ్యత సాధారణంగా వారిదే. బయటి టూరు విషయంలో ఆ ఖర్చు, ఆ తిప్పలు మీవి. వాతావరణం బాగోలేక ఓడ ఆ రేవులో అసలు ఆగకపోతే, ఓడ టూరు డబ్బు వెనక్కి వస్తుంది. బయటి సంస్థ ఇస్తుందో లేదో కొనే ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

అలాగని బయటి టూర్లను పూర్తిగా వద్దనను. వాటిలో గుంపు చిన్నది, గైడు మాట దగ్గరగా వినబడుతుంది. రేవుకు అరగంట దూరంలోని ప్రదేశానికి, ఓడ బయలుదేరడానికి మూడు గంటల ముందే తిరిగి వచ్చే టూరైతే నిశ్చింతగా కొనవచ్చు. దూరం పెరిగేకొద్దీ ఓడ టూరుకు చెల్లించే అదనపు ధర అసలు టూరుకు కాదు, బీమాకు అనుకోండి.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒకసారి డబ్బు ఆదా చేద్దామని బయటి బస్సు ఎక్కాను. చివరి మజిలీ ఒక బహుమతుల దుకాణం. బయలుదేరే ముందు గైడు లెక్కపెడితే ముప్పై ఏడుగురే ఉన్నారు, ముప్పై ఎనిమిదో మనిషి లేరు. ఆమె మూడుసార్లు వెనక సీటు దాకా వెళ్లి లెక్కపెట్టింది, దుకాణంలోకి రెండుసార్లు పరుగెత్తింది. ఆ పెద్దమనిషి ఇరవై అయిదు నిమిషాల తరువాత మెడ వరకు పొట్లాలతో, ఎంతో ప్రశాంతంగా వచ్చారు. గడువుకు పదకొండు నిమిషాల ముందు ఓడ చేరాం. ఆ పదకొండు నిమిషాల విలువ నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ‘షాపింగ్ విరామం’ ఎంతసేపో కరపత్రంలో వెతకమని అందరికీ చెబుతుంటాను. అది టూరు చివర్లో ఉంటే మరీ జాగ్రత్త.

ప్రశ్న: మా అమ్మగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. టర్కీలోని కుషదాసి రేవులో, ప్రాచీన నగర శిథిలాలున్న ఎఫెసస్‌కు బస్సు టూరు తీసుకుందామనుకుంటున్నాం. బస్సు టూరే కదా, ఇబ్బంది ఉండదు కదా?

జవాబు: ఈ ‘బస్సు టూరే కదా’ అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. కుషదాసి నుంచి ఎఫెసస్ సుమారు 20 కిలోమీటర్లే, బస్సులో అరగంట. అసలు కష్టం బస్సు దిగాక మొదలవుతుంది. సాధారణంగా బస్సు యాత్రికులను పైవైపు ద్వారం దగ్గర దింపి, ఖాళీగా చుట్టుతిరిగి వెళ్లి కిందివైపు ద్వారం దగ్గర వేచి ఉంటుంది. నడక అంతా వాలులో దిగడమే కాబట్టి మామూలు వాళ్లకు ఇది హాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి ఎక్కడం కంటే దిగడమే కష్టమని మీకు తెలియనిది కాదు. దారిలో పరిచిన చలువరాళ్లు శతాబ్దాల తరబడి అడుగుల కింద అరిగి నున్నగా ఉంటాయి, ఎత్తుపల్లాలుంటాయి, నీడ తక్కువ. సగం దారిలో, సెల్సస్ గ్రంథాలయం ముందు, ఇక నడవలేనని కూర్చుంటే బస్సు అక్కడికి రాదు, వెనక్కి వెళ్లినా అక్కడ బస్సు ఉండదు.

అయితే మానుకోమని నేను చెప్పను. టూరు కొనే కౌంటరులో ‘బస్సు దింపిన చోటే మళ్లీ ఎక్కిస్తుందా, నడక ఎంత, మెట్లెన్ని’ అని మూడు ప్రశ్నలు అడగండి. గుంపు చివర్లో, గైడుకు తెలిసేలా నడవండి. చాలా టూర్లలో చెవికి పెట్టుకునే హెడ్‌సెట్ ఇస్తారు, దానివల్ల కొన్ని అడుగులు వెనకబడినా గైడు మాట వినబడుతుంది. అమ్మగారికి చేతికర్ర, రబ్బరు అడుగున్న బూట్లు తప్పనిసరి. పగటి ఎండ ముదరకముందే బయలుదేరే బస్సు దొరికితే అదే తీసుకోండి.

ప్రశ్న: గ్రీసు ద్వీపం సాంతొరిని దగ్గర ఓడ రేవుకు రాదని, పడవల్లో దింపుతారని విన్నాం. అలాంటి చోట టూరు తీసుకోవడంలో ప్రత్యేకత ఏమైనా ఉందా?

జవాబు: ఉంది, అక్కడ టూరు తీసుకున్నవారికి, తీసుకోనివారికి దిగే చోటే మారిపోతుంది. ఓడ అగ్నిపర్వత బిలంలోని నీటి మీదే నిలుస్తుంది, ప్రయాణికులను టెండర్లనే చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. ఓడ టూరు కొన్నవారిని ఎక్కువగా అథినియోస్ రేవులో దింపుతారు, బస్సులు ఎదురుచూసేది అక్కడే. మిగతావారు ఫిరా ఊరి కింద ఉన్న పాత రేవులో దిగి, కేబుల్ కారులోనో, దాదాపు 600 మెట్లెక్కో పైకి చేరాలి. బస్సు టూరు ముగిశాక మిమ్మల్ని తరచు ఫిరాలోనే వదిలేస్తారు. అక్కడి నుంచి కిందికి దిగడం మాత్రం మీ పనే. అనేక ఓడలు ఒకే రోజు నిలిచినప్పుడు కేబుల్ కారు దగ్గర వరుస గంట దాటిపోతుంది. అందువల్ల ఆఖరి పడవ సమయం చూసుకుని, దానికి రెండు గంటల ముందే వరుసలో చేరండి. ఓడ బయలుదేరే వేళ ఇక్కడ లెక్కలోకి రాదు, ఆఖరి పడవ వేళే మీ గడువు.

ప్రశ్న: గైడు చెప్పిన సమయం, నా ఫోన్‌లోని సమయం ఒక గంట తేడాగా ఉన్నాయి. ఎవరిది సరైనది?

జవాబు: రెండూ సరైనవే కావచ్చు, కానీ ఓడ మాత్రం ఓడ సమయం ప్రకారమే బయలుదేరుతుంది. ఇటలీ నుంచి గ్రీసుకు వస్తే గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. ఒడ్డున సిగ్నల్ దొరకగానే ఫోన్ దానంతటదే స్థానిక సమయానికి మారిపోతుంది, కొన్ని ఓడలు మాత్రం పాత సమయాన్నే పాటిస్తాయి. ముందు రోజు రాత్రి గదికి వచ్చే కార్యక్రమ పత్రంలో ‘ఓడ సమయం’ ఏదో రాసి ఉంటుంది. ఒక చేతి గడియారాన్ని దానికి సరిచేసి పెట్టుకుని, బస్సు దిగే ప్రతిసారీ గైడు చెప్పే గంటను ‘ఓడ సమయమేనా’ అని అడగండి.

ప్రశ్న: టూరుకు వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లాలా?

జవాబు: అది రేవును బట్టి మారుతుంది, ఏ రేవులో ఏమి కావాలో అదే కార్యక్రమ పత్రంలో రాస్తారు. కొన్ని ఓడలు పాస్‌పోర్టులను ప్రయాణం అంతా తమ దగ్గరే ఉంచుకుంటాయి. ఏదేమైనా ఓడ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చూపించే ఓడ కార్డు, ఫొటో ఉన్న మరో గుర్తింపు పత్రం, పాస్‌పోర్టు జిరాక్స్ కాపీ మీ దగ్గర ఉండాలి. ఆ పత్రంలోనే రేవు ఏజెంటు, అంటే ఆ రేవులో ఓడ తరఫున పనులు చూసే ప్రతినిధి, ఫోన్ నంబరు కూడా ఉంటుంది, దానిని ఫోన్‌లో ఫొటో తీసి వదిలేయకుండా ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి, బస్సులో తిరిగే రోజున ఫోన్ చార్జింగ్ సాయంత్రానికి అయిపోతుంది.