జర్మనీ అప్రెంటిస్ జీతం: టెక్కలి తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. నిన్ను చూసి కాదు. 2021లో రాజాంలో మా అరుగు మీద కూర్చొని ఇదే లెక్క వేసిన నన్ను తలచుకొని. (నేను బయల్దేరినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా. మొదటిసారి సెలవుకొచ్చేసరికి విజయనగరం జిల్లా అయిపోయింది.)

గంటకు కనీస వేతనం 13.90 యూరోలైతే ఏజెంటు నెలకు వెయ్యే అంటున్నాడు, మోసమా అన్నావు. ఆ 13.90 ఔస్‌బిల్డుంగ్, అంటే జీతం తీసుకుంటూ పని నేర్చుకునే అప్రెంటిస్ శిక్షణ, చేసేవాళ్లకి వర్తించదు. అప్రెంటిస్‌కి కనీస మొత్తం నెల లెక్కన వేరుగా ఉంది: 2026లో చేరితే మొదటి ఏడాది 724, రెండో ఏడాది 854, మూడో ఏడాది 977 యూరోలు. యూనియన్ ఒప్పందాలున్న చోట సాధారణంగా ఎక్కువే ఇస్తారు. మిగతా రూల్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, చదువుకున్నవాడివి, చూసుకో. అక్కడ దొరకనిది చెప్తాను.

నేను హోటల్లో వంట పనికి చేరాను. అప్పుడు కనీస వేతనం 9.50. నెలకు 160 గంటలు వేసుకుంటే 1,520 యూరోలు, అంటే మన డబ్బుల్లో లక్షా ముప్పై వేలు! నెలకు యాభై వేలు పంపుతానని నాన్నకి మాటిచ్చేశాను. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన నాలుగు లక్షలు ఏడాదిలో తీరిపోతాయని ఆయన మా వీధంతా చెప్పుకున్నాడు.

కాంట్రాక్టులో ఉన్నది 750. అది కూడా బ్రుట్టో, అంటే కోతలకు ముందు. సంతకం పెట్టేటప్పుడు ఆ మాటకి అర్థం అడగడానికి సిగ్గేసింది, జర్మన్ భాషలో బీ1 స్థాయి పరీక్ష పాసైనవాణ్ణి కదా! ఆరోగ్య బీమా, పెన్షన్ లాంటివి పోను 600 మిగిలింది. హోటల్ గది, భోజనం కింద ఇంకో 290 కోశారు. అలా కోయొచ్చు, కాకపోతే బ్రుట్టోలో 75 శాతం దాటకూడదు. చేతికొచ్చింది 310. ఫోన్‌లో చెప్తే నాన్న "ఏటిరా, ఇంతేనా?" అని ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది.

రెండో తప్పు ఇంకా సిగ్గుచేటు. మంగళవారం బేరూఫ్‌షూలె, అంటే వృత్తి బడి. అది అయ్యాక రాత్రి వంటకి రమ్మనేవారు, ఏడాది పొడవునా వెళ్లాను. ఐదు పీరియడ్లు దాటిన బడి రోజు వారానికొకటి పూర్తి పని రోజు కిందే లెక్క, జీతం కూడా పోదు. ఆ సంగతి నా పక్క బెంచీ కుర్రాడు చెప్పేదాకా నాకు తెలియదు. ఓవర్‌టైమ్‌కి డబ్బైనా ఇవ్వాలి, బదులుగా సెలవైనా ఇవ్వాలి. గంటలు రాసుకున్నావా అని వాడు అడిగితే నీళ్లు నమిలాను. ఆ రోజు నుంచి కేలెండర్‌లో వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్ రాశాను. రెండో ఏడాది ఐ.హెచ్.కె., అంటే అప్రెంటిస్ శిక్షణని పర్యవేక్షించే వాణిజ్య మండలి, సలహాదారుకి చూపించాను, ఆయన హోటల్‌కి ఫోన్ చేశాడు. రాసిన గంటలకి జనవరిలో సెలవులిచ్చారు. డబ్బిస్తే బాగుండేది, సెలవు ఏం చేసుకోను? రాయని ఏడాది గంటలు గంగలో కలిశాయి.

మీ బ్యాచ్ వాళ్లు ఇప్పుడు కోచింగులు, వీడియోలు చూసి వస్తున్నారు, మాకు అవేవీ లేవు. అయినా మూడేళ్లు నెట్టుకొచ్చి, పరీక్ష పాసై, అప్పు తీర్చాను. ఆ అప్పు తీరడానికి మాత్రం నాలుగేళ్లు పట్టింది.

ఒంటరితనం గురించి కూడా అడిగావు. ఉంటుంది, చలిలాగే. చేతిలో డబ్బుంటే రెండూ తగ్గుతాయి.

కాంట్రాక్టు రాగానే మూడు చూడు: బ్రుట్టో ఎంత, గదికీ తిండికీ ఎంత కోస్తారు, వారానికి ఎన్ని గంటలు. బ్రుట్టోలో అయిదో వంతు తీసెయ్, గది డబ్బు తీసెయ్. మిగిలింది కాగితం మీద రాసి మీ నాన్నగారికి ఇవ్వు, అప్పు సంతకానికి ముందే.