వాన పటం గీయబోతున్న స్రవంతికి

చి. స్రవంతికి పెద్దమ్మ ఆశీస్సులు.

వాతావరణ శాఖ గ్రిడ్ డేటా (దేశాన్ని గడులుగా కోసి గడికొక అంకె ఇచ్చేది) తెచ్చుకుని, దేశమంతటికీ వాన పటాలు, ఎండ పటాలు నువ్వే కోడ్ రాసి గీస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ పటాలను మీ కాలేజీ వాళ్లు జిల్లా అధికారులకు చూపిస్తారని కూడా అదే నోటితో చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి దిగులు పట్టుకుంది. కోడ్‌లో అక్షరం తప్పితే కంప్యూటర్ ఊరుకోదు. డేటాను తప్పుగా చదివితే మాత్రం నోరు మెదపదు, చక్కని రంగుల పటం గీసి చేతిలో పెడుతుంది. దాన్ని చూసినవాళ్లు నమ్ముతారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మామూలు పనులు నీకు తెలిసే ఉంటాయి. పైథాన్‌లో నంపై, ఎక్స్‌అరే, జియోపాండాస్, కార్టోపై అనే లైబ్రరీలను ఒకే ఎన్విరాన్‌మెంట్‌లో, కొండా‌ఫోర్జ్ అనే సాఫ్ట్‌వేర్ భండారం నుంచి ఎక్కించుకో. వాన డేటా 0.25 డిగ్రీల గ్రిడ్, 1901 నుంచి ఉంది, ఏడాదికొక ఫైలు. అక్షాంశాలు 6.5 నుంచి 38.5 దాకా 129, రేఖాంశాలు 66.5 నుంచి 100 దాకా 135. బైనరీ ఫైలు తెచ్చుకుంటే ముందు దాని సైజు చూడు. గడికి నాలుగు బైట్ల చొప్పున మామూలు ఏడాదికి 2,54,25,900 బైట్లు, లీపు ఏడాదికి 2,54,95,560. ఒక్క బైటు తేడా ఉన్నా డౌన్‌లోడ్ మధ్యలో తెగిందన్నమాట, మళ్లీ తెచ్చుకో. చదివాక రోజులు, అక్షాంశాలు, రేఖాంశాలు అనే వరసలోనే రీషేప్ చెయ్యి, అంటే అంకెల వరసను పట్టికగా మార్చు. 129, 135 తారుమారైతే పటమంతా చారలు పడుతుంది. కశ్మీరు కిందికి, కన్యాకుమారి పైకి వచ్చాయంటే, బొమ్మ గీసే ఫంక్షన్ అయిన ఇమ్‌షోలో ఆరిజిన్ లోయర్ అని పెట్టలేదు. ఇవి కంటికి కనబడే తప్పులు, వీటి గురించి నాకు బెంగ లేదు.

నా బెంగంతా మైనస్ 999 గురించి.

డేటా లేని చోట, అంటే సముద్రం మీద, సరిహద్దుల అవతల, వాన ఫైల్లో మైనస్ 999 అని రాసి ఉంటుంది. ఉష్ణోగ్రత ఫైల్లో అదే పనికి 99.9 వాడారు. మేమంతా పటాలు గీసే సాఫ్ట్‌వేర్ అయిన గ్రాడ్స్‌తో గీసే రోజుల్లో ప్రతి డేటా ఫైలుకూ పక్కన ఒక కంట్రోల్ ఫైలు ఉండేది, అందులో ‘అన్‌డెఫ్’ అని ఒక వరస. ఆ వరస ఉంటే గ్రాడ్స్ ఆ అంకెను తనంతట తానే పక్కన పెట్టేది, మనిషి గుర్తుంచుకోవాల్సిన పని లేదు. ఇప్పుడు నంపైతో నేరుగా బైనరీ చదువుతున్నావు. ఆ వరస నీ దాకా రాదు. నంపైకి మైనస్ 999 కూడా ఒక వానే.

ఒక్క రోజు పటంలో ఇది బయటపడుతుంది, కానీ సీజన్ మొత్తం కూడితే దాక్కుంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా 122 రోజులు కూడితే సముద్రం మీది గడి మైనస్ 1,21,878 అవుతుంది. నువ్వు రంగుల స్కేలు సున్నా నుంచి మొదలుపెట్టి ఉంటావు కాబట్టి ఆ గడికి సున్నా రంగే పడుతుంది. సముద్రం తెల్లగా కనబడుతుంది, చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంటుంది. ఆ నమ్మకంతో నువ్వు జిల్లా సగటు తీస్తావు.

ఇప్పుడు ఒక తీర జిల్లా అనుకో. పది గడులు. తుపాను రోజున తొమ్మిది గడుల్లో 210 మిల్లీమీటర్ల చొప్పున పడింది, పదోది సముద్రం మీద ఉంది. తొమ్మిదింటి మొత్తం 1,890, అందులోంచి 999 పోతే 891, పదితో భాగిస్తే 89. మన వాతావరణ శాఖ లెక్కలో 204.4 దాటితే అత్యంత భారీ వర్షం, 64.5 నుంచి 115.5 మధ్య అయితే ఉత్త భారీ వర్షం. రెండు మెట్లు కిందికి జారిపోయింది జిల్లా. 89 అనేది రోజూ వినే అంకెలాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మైనస్ వచ్చినా బాగుండేది, తప్పని తెలిసిపోయేది. 1977 దివిసీమ ఉప్పెన చూసిన తీరం మనది. అలాంటి చోట ఒక జిల్లాను తక్కువ రంగులో చూపించే పటం మన ఇంటి పిల్ల చేతి మీదుగా వెళ్లకూడదు. కోప్పడుతున్నాననుకోకు తల్లీ, ఈ ఒక్క విషయంలో నాకు ఓపిక లేదు.

ఎండ పటంలో ఇదే తప్పు ఎదురు దిక్కుకు లాగుతుంది. ఐదు గడుల్లో 38 డిగ్రీలు, ఆరోది 99.9 అయితే సగటు 48.3. మే నెల కాబట్టి ఆ అంకెనూ జనం నమ్మేస్తారు.

మందు చిన్నదే. ఫైలు చదివిన మరుసటి వరసలోనే, ఇంకే లెక్కా చేయకముందే, సున్నా లేదా అంతకు మించిన వానను మాత్రమే ఉంచి మిగతాది నాన్ (‘ఇక్కడ అంకె లేదు’ అనే గుర్తు) చేసెయ్యి. ఉష్ణోగ్రతకు ‘90 కంటే తక్కువ’ అని అడుగు, ‘99.9కి సమానమా’ అని అడగొద్దు. ఫైల్లోది 32 బిట్ల సంఖ్య, దాన్ని 64కి మార్చాక అది 99.9 కన్నా ఇసుమంత ఎక్కువవుతుంది, సమానం కానే కాదు. ఇంటర్‌పొలేషన్ (పక్క విలువల నుంచి మధ్యవి అంచనా కట్టడం) చేసే పని ఉంటే అది కూడా ఈ వరస తర్వాతే. ముందే చేస్తే మైనస్ 999 పక్క గడులకు అంటుకుని మైనస్ 300 గానో, ప్లస్ 40 గానో మారిపోతుంది, ఇక దాన్ని ఏరలేవు.

మందు వేశాక కూడా ఒక ప్రమాదం ఉంది. ఎక్స్‌అరేలో సమ్ అనే ఫంక్షన్ నాన్‌లను దాటేసి కూడుతుంది. 122 రోజులూ నాన్ అయిన గడికి జవాబు సున్నా అని ఇస్తుంది! డేటా లేని చోట కరువు పుట్టుకొస్తుంది. మిన్‌కౌంట్ (కనీసం ఎన్ని రోజుల డేటా ఉండాలో చెప్పేది) 122 అని పెట్టు. ఒకటి అని పెడితే చాలదు, ఇరవై రోజులు గల్లంతైన గడి కూడా నిండు సీజన్‌లాగా కనబడుతుంది. ప్రతి రోజూ నాన్ కాని గడులెన్నో లెక్కపెట్టి ఒక గీత గీసి చూడు, అది దాదాపు తిన్నగా ఉండాలి. ఏ రోజున పడిపోయిందో ఆ రోజు ఫైల్లో ఏదో ఉంది.

ఇక హద్దుల సంగతి. కార్టోపైలో సిద్ధంగా దొరికే దేశ సరిహద్దులు నేచురల్ ఎర్త్ అనే ఉచిత పటాల డేటా వాళ్లవి, అవి మన సర్వే ఆఫ్ ఇండియా పటంతో సరిపోవు. సరిపోలని భారత పటం ప్రచురించడం మన చట్టంలో నేరం. సర్వే ఆఫ్ ఇండియా షేప్‌ఫైలే వాడు. అందులో అంకెలు మీటర్లలో ఉంటే జియోపాండాస్‌తో 4326కి, అంటే డిగ్రీల్లో ఉండే అక్షాంశ రేఖాంశాలకు, మార్చుకో. ఎక్కడో దొరికిన పాత ఫైలు వద్దు. తెలంగాణ 2014లో వచ్చింది, ఆంధ్రాలో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి, లద్దాఖ్ 2019లో విడిపోయింది. నీ హద్దులు ఏ తేదీవో పటం కిందే రాయి.

ప్రొజెక్షన్‌కు (గుండ్రటి భూమిని బల్లపరుపు పటంగా మార్చే పద్ధతి) లాంబర్ట్ కన్‌ఫార్మల్ తీసుకో. మధ్య రేఖాంశం 80, మూల అక్షాంశం 24, ప్రామాణిక అక్షాంశాలు 12.47, 35.17. డేటా గీసేటప్పుడు ట్రాన్స్‌ఫార్మ్ ప్లేట్‌కారే (ఈ అంకెలు డిగ్రీలని తెలిపే మాట) అని చెప్పడం మర్చిపోతే నీ డిగ్రీలను మీటర్లనుకుని దేశమంతటి వాననూ మధ్యప్రదేశ్‌లో ఒక చుక్కలో కుక్కేస్తుంది. గడులకు రంగులు వేసే పీకలర్‌మెష్‌లో షేడింగ్ నియరెస్ట్ అని రాయి, ఎందుకంటే ఫైల్లోని అక్షాంశ రేఖాంశాలు గడి మధ్యబిందువులు, మూలలు కావు. మూలలనుకుంటే పటం అర గడి, అంటే దాదాపు 14 కిలోమీటర్లు జరుగుతుంది. పశ్చిమ కనుమల్లో ఆ దూరంలో వాన ఎంత మారుతుందో మహాబలేశ్వర్‌ను, దానికి తూర్పున ఉన్న పంచగనిని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. నునుపుగా కనబడాలని, గడుల మధ్య గీతలు ఊహించి రంగు నింపే కాంటూర్‌ఎఫ్ వాడకు. ఈ గ్రిడ్డే 6,955 వర్షమాపక కేంద్రాల నుంచి అంచనా కట్టి తయారైంది, అంచనా మీద అంచనా ఎందుకు?

చిన్న జిల్లాలను గమనించు. మన దగ్గర ఒక గడి విస్తీర్ణం సుమారు 730 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ జిల్లా 217 మాత్రమే. గడి మధ్యబిందువు జిల్లాలో పడితేనే లెక్కిస్తానంటే హైదరాబాద్‌కు ఒక్క గడీ దక్కకపోవచ్చు. ప్రతి గడిలో ఎంత భాగం జిల్లాలో ఉందో చూసి ఆ నిష్పత్తిలో సగటు తియ్యి. దేశ సగటుకైతే గడులను అక్షాంశపు కొసైన్‌తో తూచాలి. 8 డిగ్రీల దగ్గర అది 0.99, 36 దగ్గర 0.81.

రంగులకు సమాన మెట్లు పెట్టొద్దు. మేఘాలయ ఒక్కటే స్కేలును లాగేసి రాయలసీమను, తెలంగాణను ఒకే రంగు చేసేస్తుంది. 0, 100, 200, 400, 600, 800, 1,000, 1,500, 2,000, 3,000 అని బౌండరీ‌నార్మ్ (మెట్ల హద్దులు మనమే చెప్పే పద్ధతి) ఇచ్చి చూడు. వాన పడని చోటు తెలుపు, డేటా లేని చోటు బూడిద రంగు. ఈ రెండూ ఎప్పుడూ ఒకటి కాకూడదు.

తేదీల దగ్గర కూడా జాగ్రత్త. ఒక తేదీ కింద రాసిన వాన ఆ రోజు ఉదయం 8:30కి ముగిసిన 24 గంటలది. 2024 ఆగస్టు 31న పగలంతా విజయవాడలో కురిసిన వాన సెప్టెంబర్ 1 పేరిట ఉంటుంది. ఈరా5తో (యూరప్ వాతావరణ కేంద్రం తయారుచేసే గ్రిడ్ డేటా) పోల్చాలంటే ముందురోజు 03 యూటీసీ (మన ఉదయం 8:30) నుంచి కూడుకోవాలి. అందులో వాన మీటర్లలో, ఉష్ణోగ్రత కెల్విన్‌లో, అక్షాంశాలు ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటాయి. స్లైస్‌లో 6, 38 అని అడిగితే ఖాళీ వస్తుంది, 38, 6 అని అడగాలి.

ఎవరికైనా చూపించే ముందు సీజన్ పటంలో మేఘాలయ, కొంకణం తడిగా, జైసల్మేరు, అనంతపురం పొడిగా ఉన్నాయో లేదో చూడు. తమిళనాడు తీరం పొడిగా ఉంటే కంగారుపడకు, వాళ్ల వాన ఎక్కువగా అక్టోబర్ నుంచి పడేది. ఆ పైన ఒక తీర జిల్లా తీసుకుని సగటును కాగితం మీద చేత్తో కట్టు, గడి గడీ రాసుకుని. ఏ జిల్లా అంటే కృష్ణా తీసుకో, తేదీ 2024 సెప్టెంబర్ 1. ఆ కాగితం ఫొటో, నీ కోడ్ నాకు పంపు. రాత్రి పదిన్నర దాకా మేలుకునే ఉంటాను, ఏ వరస దగ్గర ఆగినా ఫోన్ చెయ్యి. తిండి మాని మాత్రం కూర్చోకు, మీ అమ్మ అది కూడా చెప్పింది.

మీ పెద్దమ్మ