మురుగునీటి శుద్ధి కేంద్రం ఉన్నా వాగులో చేపలు ఎందుకు చనిపోతాయి?

బయటికి వచ్చే నీరు తేటగా ఉంటే చాలనుకుంటారు, అది సరిపోదు. ఇళ్ల మురుగులో బీఓడీ (మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్) సాధారణంగా లీటరుకు 200–300 మిల్లీగ్రాములు ఉంటుంది. గాలి ఊదే ట్యాంకు, దాని తర్వాత బురద తేరుకునే ట్యాంకు సరిగా నడిస్తే అది 20–30కి దిగుతుంది. అయినా అమ్మోనియా మిగిలిపోవచ్చు. నీటి పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అది చేపలకు మరింత విషమవుతుంది.

అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అమ్మోనియా రూపంలోని గ్రాము నైట్రోజన్‌ను మార్చడానికి దాదాపు 4.6 గ్రాముల ఆక్సిజన్, 7 గ్రాముల క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం, కాల్షియం కార్బొనేట్ లెక్కలో) ఖర్చవుతాయి. కరెంటు ఆదా కోసం రాత్రిళ్లు బ్లోయర్లు (ట్యాంకులోకి గాలి ఊదే యంత్రాలు) ఆపేస్తే ముందు దెబ్బతినేది ఈ బ్యాక్టీరియానే. ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర నిలపాలి. ఇక్కడ పొదుపు చేయడం వాగుకు అన్యాయం చేయడమే.

వానాకాలంలో మరో చిక్కు. పగిలిన పైపుల్లోకి వాననీరు చొరబడి ప్రవాహం ఒక్కసారిగా పెరిగితే, బురద తేరుకోకముందే బ్యాక్టీరియాతో సహా వాగులోకి కొట్టుకుపోతుంది. మళ్లీ కుదురుకోవడానికి వారాలు పట్టవచ్చు. లీటరు కొలజాడీలో గాలి ట్యాంకు నీరు పోసి, 30 నిమిషాల తర్వాత బురద మట్టం రోజూ రాసుకోండి. మట్టం పెరుగుతూ ఉంటే అదనపు బురదను తీసేయాలి.

క్రిములను చంపడానికి క్లోరిన్ వాడుతుంటే, అదీ చేపలకు విషమే కాబట్టి, నీటిని వాగులోకి వదిలే ముందు మిగులు క్లోరిన్‌ను సోడియం బైసల్ఫైట్‌తో తొలగించాలి.

వాగును పరీక్షించేటప్పుడు నీరు వదిలే గొట్టం దగ్గరే ఆగొద్దు. ఆక్సిజన్ బాగా పడిపోయేది తరచూ ఇంకా దిగువన. నాచు పట్టిన చోట తెల్లవారుజామున కొలవండి, రోజులో అతి తక్కువ రీడింగు అప్పుడే వస్తుంది.