పెట్రోల్ స్విఫ్ట్‌కి పెద్ద థ్రాటిల్ బాడీ, ఇన్‌టేక్ కిట్: ఏది కొనాలి?

మీది 2018 మోడల్ 1.2 పెట్రోల్ స్విఫ్ట్. కంపెనీ చెప్పే పవర్ 83 పీఎస్. హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు పికప్ చాలట్లేదని, పెద్ద బోర్ థ్రాటిల్ బాడీ, దానికి తోడు కోన్ ఫిల్టర్ ఇన్‌టేక్ వేయిద్దామనుకుంటున్నానని, ఏ కిట్ మంచిదని అడిగారు. థ్రాటిల్ బాడీ అంటే ఇంజన్‌కి పోయే గాలిని లోపలి రేకుతో తగ్గించి పెంచే గొట్టం, దాని లోపలి వెడల్పే బోర్. ఇన్‌టేక్ అంటే గాలిని అక్కడిదాకా తెచ్చే ఫిల్టర్, పైపు. నన్నడిగితే థ్రాటిల్ బాడీ అసలు కొనొద్దు. ఇన్‌టేక్ గురించి మాత్రం కాస్త మాట్లాడుకోవాలి.

ముందు చిన్న లెక్క. 1197 సీసీ ఇంజన్ రెండు చుట్లు తిరిగేసరికి తన సైజంత గాలి పీలుస్తుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర సిలిండర్లు పూర్తిగా నిండుతున్నాయనే అనుకున్నా, సెకనుకు 60 లీటర్లు. 50 మిల్లీమీటర్ల బోర్ అనుకుంటే అందులోంచి ఆ గాలి సెకనుకు దాదాపు 30 మీటర్ల వేగంతో పోతుంది. మధ్యలో రేకు, షాఫ్ట్ అడ్డమున్నా సరే, అక్కడ తగ్గే ఒత్తిడి ఒక కిలోపాస్కల్‌కి అటూ ఇటూ ఉంటుంది. బయట గాలి ఒత్తిడేమో 100. ఆ నూటిలో ఒకటి కోసం వేలకి వేలు పోస్తారా? వంటింటి గుమ్మం వెడల్పు చేయిస్తే పొయ్యి మంట పెరుగుతుందా?

అసలు ఈ పిచ్చంతా అమెరికా వీడియోల నుంచి వచ్చింది. మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో మస్టాంగ్ జీటీ నడుపుతాడు. ఐదు లీటర్ల వి8, కంపెనీ థ్రాటిల్ బాడీ 80 మిల్లీమీటర్లు. 7000 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు 290 లీటర్లు పీలుస్తుంది. మన బండితో పోలిస్తే ఆ బోర్‌లో గాలి వేగం రెట్టింపుకి దగ్గర. అక్కడ పెద్దది వేసుకుంటే ఎంతో కొంత వాదన ఉంది, అదీ ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ట్యూన్ చేయిస్తేనే. ఆ వీడియో చూసి మనవాళ్లు స్విఫ్ట్ బానెట్ ఎత్తుతారు.

మరి వేయించుకున్న ప్రతివాడూ పికప్ పెరిగిందంటాడు కదా అంటారా? వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. 50 నుంచి 55కి వెళ్తే బోర్ వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. పెడల్ కొంచెం తొక్కగానే ఇదివరకటి కంటే ఎక్కువ గాలి పోతుంది, బండి ముందుకు దూకినట్టు ఉంటుంది. ఆ గాలి ముందు కూడా దొరికేదే, ఇంకొంచెం తొక్కితే సరిపోయేది. పెడల్ పూర్తిగా తొక్కాక తేడా ఏమీ ఉండదు. ఓవర్‌టేక్‌లో మీరు తొక్కేది పూర్తిగానే. పెడల్ దగ్గర తగిలించే ఆ కంట్రోలర్ డబ్బాలదీ ఇదే గారడీ.

ఇన్‌టేక్ సంగతికొస్తే, మా బావమరిది కథ చెప్పాలి. విజయవాడలో ఉంటాడు. మీలాంటి స్విఫ్టే. ఎవరో చెప్పారని బానెట్ కింద ఓపెన్ కోన్ ఫిల్టర్, మెరిసే అల్యూమినియం పైపు పెట్టించాడు. మే నెలలో మేం వెళ్తే, అన్నం తింటుండగానే "బావా, ఒక్కసారి సౌండ్ విను, ఫ్లైట్ లాగా ఉంటుంది" అని లాక్కెళ్లాడు. సౌండ్ నిజంగానే బాగుంది, కాదనను. నా దగ్గర ఇంజన్ సెన్సర్ల రీడింగులు ఫోన్‌కి పంపే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఉంటుంది, అది స్టీరింగ్ కింద గుచ్చి ఫోన్‌లో ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ పెట్టాను. బయట 43 డిగ్రీలు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగేసరికి ఇంజన్ పీల్చే గాలి 60 దాటింది. ఏసీ వేసి ఉంది, రేడియేటర్ ఫ్యాన్ వేడంతా కోన్ మీదే కొడుతోంది. సిగ్నల్ పడే లోపల 71. గ్రీన్ రాగానే వాడు తొక్కాడు. ఫ్లైట్ సౌండ్ వచ్చింది, పక్కనున్న ఆటో మాత్రం మా ముందు నుంచే పోయింది. వాడు నా మొహం చూడలేదు.

అక్కడి నుంచి తిన్నగా ఆటోనగర్‌లో మాకు తెలిసిన మేస్త్రీ షెడ్డుకి వెళ్లాం. ఆయన కంపెనీ ఫిల్టర్ కూర్చునే పాత ఎయిర్ బాక్స్ పారేయకుండా అటక మీద ఉంచాడు. "ఇట్లాంటివి పెట్టించుకోవడానికి ఒకసారొస్తారు, తీయించుకోవడానికి ఒకసారొస్తారు, నాకు రెండు కూలీలు" అన్నాడు నవ్వుతూ. పాతది బిగించి అదే రోడ్డు, అదే ఎండ, అదే సిగ్నల్: 54 దాటలేదు. ఎందుకంటే కంపెనీ బాక్స్ మూతి గ్రిల్ వెనకాల ఉంటుంది, బయటి గాలి పీలుస్తుంది. 71కీ 54కీ తేడా అంటే గాలి సాంద్రతలో 5 శాతం. వేడి గాలికి ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ కూడా వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్ ఆలస్యంగా వేస్తుంది, పవర్ ఇంకా తగ్గుతుంది. డబ్బులు పెట్టి బండిని నీరసపరుచుకున్నట్టు. వారధి దాటాక ఖాళీ రోడ్డు మీద రెండో గేర్‌లో పూర్తిగా తొక్కించి మానిఫోల్డ్ ప్రెషర్ కూడా చూశాను, అంటే థ్రాటిల్ దాటాక గాలికి మిగిలిన ఒత్తిడి. 97 కిలోపాస్కల్స్ దగ్గర నిలబడింది. బయటి 100లో ఫిల్టర్, పైపు, థ్రాటిల్ అన్నీ కలిపి మింగుతున్నది మూడు. ఇంక ఎవరైనా థ్రాటిల్ బాడీ గురించి మాట్లాడితే నాకు చిరాకొస్తుంది.

థ్రాటిల్ బాడీ అంటే ఇంకో మంట. ఈ మధ్య సర్వీస్‌కి ఇచ్చిన ప్రతిసారీ బిల్లులో "థ్రాటిల్ బాడీ క్లీనింగ్" అని కనిపిస్తుంది. ఐడ్లింగ్ వణుకుతుంటే చేయించండి, లేకపోతే వద్దని చెప్పండి. ఇవి కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్స్. రేకుని వేలితో నెట్టి తుడిచే కుర్రాళ్లని నా కళ్లారా చూశాను, లోపలి ప్లాస్టిక్ పళ్లు పాడైతే మొత్తం యూనిట్ మార్చాలి. తుడిచాక ఐడిల్ రీలెర్న్ (బండి ఆగి ఉన్నప్పటి ఆర్‌పీఎంని ఈసీయూకి మళ్లీ నేర్పించడం) చేయాలన్నది కూడా చాలామంది మర్చిపోతారు, బండి ఇచ్చేశాక ఆర్‌పీఎం ఎక్కువుందని మనం మళ్లీ వెళ్లాలి. కారు కడిగేవాళ్లు బానెట్ ఎత్తి ప్రెషర్ గన్ కొట్టడం ఇంకో దరిద్రం, అది మొదలుపెడితే ఈ జవాబు అవ్వదు.

ఇంత చెప్పినా చెయ్యి ఆగకపోతే, కంపెనీ బాక్స్‌లోనే పట్టే ప్యానెల్ ఫిల్టర్ వేసుకోండి. నూనె పూసే కాటన్ రకమైతే నూనె తక్కువ పూయండి, ఎక్కువైతే గాలి కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న బండ్లలో దాని తీగకి అంటుకుంటుంది. కిట్టే కావాలంటే మూత ఉన్న బాక్స్‌ది చూడండి, ఆ మాఫ్ సెన్సర్ కూర్చునే పైపు లోపలి కొలత పాతదానితో సమానంగా ఉండాలి. అది వెడల్పయితే ఈసీయూకి గాలి తక్కువ వస్తున్నట్టు కనిపించి పెట్రోల్ తక్కువ పోస్తుంది. కిట్ అమ్మేవాడిని ఈ కొలత అడగండి, తొంభై శాతం మంది చెప్పలేరు.

ఫిల్టర్‌ని బంపర్ కిందికి దించే ఇన్‌టేక్ పైపులు మాత్రం మన ఊళ్లలో వద్దే వద్దు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదలో విజయవాడ ఎట్లా మునిగిందో చూశాం కదా. ఫిల్టర్ నీళ్లలో మునిగితే ఇంజన్ నీళ్లు పీలుస్తుంది, నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ లేని మామూలు పాలసీ ఆ ఖర్చు ఇవ్వదు. యాడ్ ఆన్ ఉన్నా, మార్చిన ఇన్‌టేక్ చూసి ఇన్సూరెన్స్ సర్వేయర్ ఊరుకుంటాడని నేననుకోను. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకటుంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

మీరు ఒక డాంగిల్ కొనుక్కోండి, కిట్ ధరతో పోలిస్తే అది ఏపాటి. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి మానిఫోల్డ్ ప్రెషర్ చూడండి, అది మీ ఊరి గాలి ఒత్తిడి. హైదరాబాద్ అయితే ఎత్తు వల్ల 95 దగ్గర చూపిస్తుంది, కంగారు పడకండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద రెండో గేర్‌లో పూర్తిగా తొక్కి 5500 దాటాక ఎంతుందో చూడండి. రెండింటికీ తేడా ఐదు లోపే ఉంటే ఆ డబ్బు మంచి టైర్లకి పెట్టండి. పది దాటితే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి, ఎలుక గూడు కట్టి ఉంటుంది.