అవలాన్‌లో మెర్లిన్ ప్రతిసారీ ఎందుకు దొరికిపోతున్నాడు?

అవలాన్ రహస్య పాత్రల బోర్డ్ గేమ్. మంచి పక్షం మూడు క్వెస్టులు (టీమ్‌ని పంపి ఆడే రౌండ్లు) గెలవాలి. మంచివాళ్లలో చెడ్డవాళ్లెవరో తెలిసినది మెర్లిన్‌కే, అయితే చివర్లో చెడ్డ పక్షంలోని అసాసిన్ అతన్ని గుర్తుపడితే గెలుపు చెడ్డవాళ్లదే. ఏడుగురు ఆడుతున్నారు, మంచి పక్షం మూడు క్వెస్టులు గెలిచాక కూడా అసాసిన్ మెర్లిన్‌ని పట్టేసి ఆట లాగేసుకుంటున్నాడు, ఏం చేయాలని ఒకరు అడిగారు. మెర్లిన్‌కి దాక్కోవడం రాదని చాలామంది అంటారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా మిగతా ముగ్గురు మంచివాళ్లది. వాళ్లు ఓట్లు గమనించరు, గట్టిగా వాదించరు. ఇక సరైన మాట మాట్లాడేది మెర్లిన్ ఒక్కడే అవుతాడు, అసాసిన్‌కి వెతికే పనే ఉండదు.

ముందు లెక్క చూడండి. ఏడుగురిలో మంచివాళ్లు 4, చెడ్డవాళ్లు 3. క్వెస్టులకు వరుసగా 2, 3, 3, 4, 4 మంది వెళ్తారు. వంతులవారీగా లీడర్ అయ్యేవారు టీమ్‌ని చెప్తారు, దానికి అందరూ అప్రూవ్ (ఒప్పుకోలు) లేదా రిజెక్ట్ ఓటు వేస్తారు. వెళ్లినవాళ్లు రహస్యంగా సక్సెస్ లేదా ఫెయిల్ కార్డు ఇస్తారు, మామూలుగా ఒక్క ఫెయిల్ పడినా క్వెస్ట్ ఓడినట్టే. మీరు మంచివారు, లీడర్ చెప్పిన ముగ్గురిలో మీరు లేరు అనుకోండి. మిగిలిన ఆరుగురిలోంచి ముగ్గురిని 20 రకాలుగా ఎంచవచ్చు, అందులో చెడ్డవాడు లేని టీమ్ ఒక్కటే. మరి తను లేని టీమ్‌కి అప్రూవ్ వేసినవాళ్లని ఎందుకు వేశావని నిలదీయాలి కదా! ఐదో క్వెస్ట్‌లో సందేహానికే తావు లేదు: నలుగురిలో మీరు లేకపోతే అందులో చెడ్డవాడు ఉన్నట్టే, రిజెక్ట్ వేయాల్సిందే. నాలుగో క్వెస్ట్‌ మాత్రం వేరు. ఏడుగురు, అంతకన్నా ఎక్కువమంది ఆడుతున్నప్పుడు అది ఓడాలంటే రెండు ఫెయిల్ కార్డులు పడాలి. ఒక్క చెడ్డవాడు ఉన్న టీమ్‌తోనూ గెలవవచ్చు కాబట్టి అక్కడ మీరు లేని టీమ్‌కి అప్రూవ్ వేసినా తప్పు లేదు.

ఈ లెక్క పనిచేయాలంటే ఓట్లు గుర్తుండాలి. ఏ టీమ్‌కి ఎవరు ఏ ఓటు వేశారో ఒక కాగితం మీద అందరికీ కనబడేలా రాయండి. ఓటు టోకెన్లు అందరూ ఒకేసారి తిప్పాలి. ఒకరు ముందు తిప్పితే మిగతావాళ్లు చూసి మార్చుకుంటారు. మొదటి క్వెస్టే కదా, ఎవరు వెళ్తే ఏమిటని తొలి టీమ్‌నే ఒప్పేసుకోవద్దు. రిజెక్ట్ అయిన ప్రతి టీమ్ కొంత సమాచారం ఇస్తుంది. అయితే ఒకే క్వెస్ట్‌కి వరుసగా ఐదు టీమ్‌లు రిజెక్ట్ అయితే ఆట చెడ్డవాళ్లదే. అందుకే ఐదో టీమ్‌కి మంచివాళ్లంతా అప్రూవ్ వేయాలి, ఆ ఐదో లీడర్ ఎవరవుతారో ముందే లెక్కపెట్టుకోవాలి.

ఇక మెర్లిన్. ఓట్లన్నీ సరిగ్గా వేసిన మెర్లిన్ దొరికిపోతాడు. మొదటి క్వెస్ట్‌లోనే ఒక చెడ్డ టీమ్‌కి అప్రూవ్ వేయడం మంచిది, నష్టం తక్కువ. ఎవరినైనా అనుమానించేటప్పుడు కాగితం మీదున్న ఓట్లనే కారణంగా చూపించాలి. మంచి పక్షంలోని పెర్సివల్‌కి మెర్లిన్, చెడ్డ పక్షంలోని మోర్గానా ఇద్దరూ కనబడతారు, కానీ ఎవరు ఎవరో తెలియదు. అతని పని అసాసిన్ చూపుని తనవైపు తిప్పుకోవడం: మెర్లిన్ ఎవరో, మోర్గానా ఎవరో తేలేవరకు చూసి, తర్వాత అన్నీ తెలిసినవాడిలా మాట్లాడాలి. మిగతా ఇద్దరు మామూలు సేవకులు కూడా మౌనంగా కూర్చోకూడదు. ధీమాగా తప్పు చెప్పిన సేవకుడు కూడా మెర్లిన్‌ని కాపాడుతున్నట్టే.

కొన్నిసార్లు రహస్యం చేతుల వల్లే బయటపడుతుంది. ఆట మొదట్లో కళ్లు మూసుకుని, కొందరు బొటనవేలు ఎత్తి తమని తెలియజేసే దశలో అందరూ పిడికిలి ముందుకు చాచి, రెండో చేత్తో బల్ల మీద మెల్లగా తడుతూ ఉండాలి, అప్పుడు ఎవరు కదిలారో వినబడదు. సూచనలు చదివేవారు ప్రతి దశకీ ఒకే వ్యవధి ఇవ్వాలి. క్వెస్ట్‌కి వెళ్లినవాళ్లు సక్సెస్, ఫెయిల్ కార్డులు రెండూ బల్ల కింద కలిపి, ఒకటి బోర్లించి ఇవ్వాలి. వాడని కార్డులు వేరే కుప్పలో బోర్లించి కలిపేయాలి. ఆ రెండు కుప్పలు కలిసిపోయాయంటే ఆ క్వెస్ట్ చెడిపోయినట్టే.

మూడో గెలుపు రాగానే సంబరంలో తమ పాత్ర కార్డు తిప్పేసేవాళ్లు ఉంటారు. ఇది ఘోరం. గుడ్డిగా ఎంచినా అసాసిన్‌కి నాలుగింట ఒక అవకాశం ఉంటుంది, సేవకుడు కార్డు చూపించేస్తే అది మూడింట ఒకటవుతుంది. అసాసిన్ పేరు చెప్పేదాకా మంచివాళ్లు ముఖం కూడా మార్చకూడదు.

ఇవన్నీ చేసినా దొరికిపోతుంటే పాత్రలు మార్చి చూడండి. చెడ్డ పక్షంలో మామూలు మినియన్ (ప్రత్యేక పాత్ర లేని చెడ్డవాడు) బదులు మోర్‌డ్రెడ్‌ని పెట్టండి. అతను మెర్లిన్‌కి కనబడడు కాబట్టి మెర్లిన్ ఓట్లు వాటంతటవే అక్కడక్కడ తప్పుతాయి, పట్టుకోవడం కష్టమవుతుంది. బదులుగా క్వెస్టులు గెలవడం కష్టమవుతుంది. క్వెస్టులే ఎక్కువగా పోతుంటే ఒబెరాన్ నయం: అతనికీ మిగతా చెడ్డవాళ్లకీ ఒకరినొకరు తెలియదు, ఒకే టీమ్‌లో పడితే ఒకటి చాలినచోట రెండు ఫెయిల్ కార్డులు వేసుకుని తమను తామే బయటపెట్టుకుంటారు.