ఎన్ని నిమిషాలు కొట్టుకున్నారో చూశారా?

ప్రశ్న: మా ఆయన వయసు 38. పోయిన వారం ఉల్లిగడ్డల లోడుతో కర్నూలు మార్కెట్ యార్డుకు వెళ్లినప్పుడు, నిలుచున్నచోటనే కేకవేసి పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకున్నారు. ఇంతకు ముందెన్నడూ ఇలా జరగలేదు. ఆ ముందురోజు పొద్దునే అయ్యప్ప మాల వేసుకున్నారు. పక్కనున్నవాళ్లు చేతిలో తాళాల గుత్తి పెట్టి, ఉల్లిగడ్డ చితగ్గొట్టి ముక్కులో రసం పిండారు. ఆస్పత్రికి చేరేసరికి ఫిట్స్ ఆగిపోయినా, అరగంట దాకా మమ్మల్ని గుర్తుపట్టలేదు. డాక్టరు ఇంజెక్షన్ వేయకుండా, వేలి నుంచి రక్తం తీసి షుగర్ చూసి, ఎన్ని నిమిషాలు కొట్టుకున్నాడు, తాగుడు అలవాటుందా అని అడిగారు. మాలలో ఉన్న మనిషిని అడగవలసిన మాటేనా అది?
– ఒక పాఠకురాలు, కోడుమూరు

జవాబు: అమ్మా, ఆ మాట మిమ్మల్ని నొప్పించి ఉండవచ్చు గానీ, మాల వేసుకున్నది ముందురోజే అన్నారు చూశారూ, ఆ డాక్టరు మనసులో మెదిలింది కూడా బహుశా అదే. రోజూ తాగే అలవాటున్న మనిషి ఒక్కసారిగా మానేస్తే, చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల లోపల ఫిట్స్ రావచ్చు. కనుక అది నడత గురించిన ప్రశ్న కాదు, గంటల లెక్క. అలవాటు ఉంటే దాచకండి. అలాంటివారికి థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్ కూడా ఇవ్వాలి, ఇవ్వకపోతే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. దీక్ష తీసుకోదలచినవారు కొన్నాళ్ల ముందే డాక్టరును కలిసి, మందుల సాయంతో తాగుడు మానడం క్షేమం.

ఇక ఇంజెక్షన్ సంగతి. చాలావరకు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి, ఆగినవాటిని ఆపడానికి మందు అవసరం లేదు. పైగా ఆ మందులు మత్తు కలిగించి ఊపిరిని మందగింపజేస్తాయి. అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకముందే మళ్లీ మొదలైనా అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. అప్పుడు లోరాజెపామ్ 4 మిల్లీగ్రాములు నరంలోకి, నరం దొరక్కపోతే మిడజోలామ్ 10 మిల్లీగ్రాములు తొడ కండలోకి ఇస్తారు. దానికీ లొంగకపోతే లెవెటిరాసెటామ్, వాల్‌ప్రోయేట్, ఫాస్‌ఫెనిటోయిన్‌లలో ఒకటి వాడతారు. ఈ మూడూ ఇంచుమించు సగం మందిలో పనిచేస్తాయనీ, ఏదీ మరొకదానికి తీసిపోదనీ 2019లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. షుగర్ పడిపోయినా ఫిట్స్ వస్తాయి, దానికి మందు గ్లూకోజే, అందుకే ఆ పరీక్ష ముందు చేస్తారు.

మేము సాధారణంగా ఫిట్స్‌ను కళ్లారా చూడము, చూసినది మీరు. ఎండకో నీరసానికో సొమ్మసిల్లినవారు కూడా కొన్ని క్షణాలు కొట్టుకుంటారు, అయితే ముఖం పాలిపోతుంది, పడుకోబెట్టగానే తేరుకుంటారు. నాలుక పక్కన తెగడం, కళ్లు తెరిచే ఉండి చూపు నిలబడిపోవడం, ఆ తర్వాత మీ ఆయనలాగా చాలాసేపు అయినవాళ్లను గుర్తుపట్టకపోవడం ఫిట్స్ వైపు మొగ్గు చూపే గుర్తులు. వీలైతే ఎవరో ఒకరు ఫోనులో వీడియో తీయాలి, అది నాలుగు పేజీల రిపోర్టు కంటే మాకు ఎక్కువ చెబుతుంది.

తాళాల మహిమ ఏమిటంటే, ఫిట్స్‌లో పిడికిలి తనకు తానే బిగుసుకుని గుత్తిని పట్టేస్తుంది, ఆపైన రెండు నిమిషాల్లో తనకు తానే వదులుతుంది; పేరు ఇనుముకు వస్తుంది. ఉల్లిరసం మాత్రం చేటు, స్పృహ లేని మనిషి ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. నీళ్లూ, నోట్లో గరిటే అంతే. తల కింద తువ్వాలు పెట్టి, మెడ దగ్గర బిగుతుగా ఉన్నది వదులు చేసి, కొట్టుకోవడం తగ్గగానే పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పి, టైము చూస్తూ 108కి ఫోన్ చేయాలి. గర్భిణికి వస్తే నిమిషాల లెక్క చూడకుండా వెంటనే తరలించాలి, దానికి మెగ్నీషియం సల్ఫేట్ అనే వేరే మందు కావాలి.

38 ఏళ్లకు మొదటిసారి వచ్చింది కనుక, తాగుడే కారణమని తోచినా మెదడు స్కానింగ్ చేయించండి. గడ్డ, రక్తస్రావం, మన దేశంలో తరచుగా కనిపించే బద్దెపురుగు తిత్తులు అందులో బయటపడతాయి. శుభ్రంగా కడగని పచ్చికూరల ద్వారా కూడా ఆ పురుగు గుడ్లు కడుపులోకి చేరతాయి కాబట్టి, మాంసం ముట్టనివారికి రాదనుకోవద్దు. డాక్టరు సరేననేదాకా బండి, ట్రాక్టరు నడపడం, ఒంటరిగా బావిలో దిగడం వద్దు. ఆ తాళాల గుత్తి అంతవరకూ మీ దగ్గరే ఉంచుకోండి.