మోకాలి చిప్ప కింద నొప్పి: సైకిలు మానాలా, తొక్కే తీరు మార్చాలా?

ప్రశ్న: నా వయసు 41 ఏళ్లు. రెండేళ్లుగా గేర్ల సైకిలు తొక్కుతున్నాను. వారానికి 70 కిలోమీటర్లు దాటేది కాదు. 200 కిలోమీటర్ల బ్రెవేలో, అంటే గడువులోగా పూర్తిచేయవలసిన దూరపు సైకిలు యాత్రలో, పాల్గొనాలన్న ఆశతో ఒక్క నెలలోనే దాన్ని వారానికి 200 కిలోమీటర్లకు పెంచాను, వారంలో మూడు రోజులు కైలాసగిరి కూడా ఎక్కాను. అప్పటి నుంచి కుడి మోకాలి చిప్పకు సరిగ్గా కింద, వేలు పెట్టి చూపించగలిగిన చోట నొప్పి వస్తోంది. మెట్లు దిగేటప్పుడు ఎక్కువగా ఉంటుంది. మూడు వారాలు సైకిలు పూర్తిగా మానేసి, నొప్పి మాత్రలు వేసుకుంటే తగ్గింది గాని, మళ్లీ ఎక్కిన రెండో రోజే తిరగబెట్టింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఇంట్లోవాళ్లు మాత్రం చిప్ప అరిగిపోయిందని, ఇక సైకిలు మానెయ్యమని అంటున్నారు. నిజంగా మానెయ్యాలా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మానవలసిన అవసరం కనిపించడం లేదు. ఉత్తరం చదివి రోగ నిర్ధారణ చేయడం సాధ్యం కాదు కాబట్టి ఒకసారి ఎముకల వైద్యునికో, ఫిజియోథెరపిస్టుకో మోకాలు చూపించండి. అయినా మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది కీలు అరుగుదల కన్నా, మోకాలి చిప్పను కింది కాలి ఎముకకు కలిపే స్నాయుబంధనం, అంటే టెండాన్, దెబ్బతినడం వల్ల వచ్చిన నొప్పిగా తోస్తోంది. మన దగ్గర మోకాలు నొప్పి అనగానే అరుగుదల అనేయడం అలవాటైపోయింది. అరుగుదల నొప్పి సాధారణంగా మోకాలంతా పరుచుకుని ఉంటుంది. ఒకే చోట, చిప్ప కింది అంచు దగ్గర, బరువు పడినప్పుడల్లా గుర్తుచేసే నొప్పి స్నాయుబంధనానిదే అయ్యే అవకాశం ఎక్కువ.

మీ విషయంలో జరిగింది ఇది. సాధన పెంచితే ఊపిరి, తొడ కండరాలు కొద్ది వారాల్లోనే అందుకు అలవాటుపడతాయి. స్నాయుబంధనం మాత్రం నెలల తరబడి గాని గట్టిపడదు. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు ఒక్కో కాలు 4,800 సార్లు పెడల్‌ను నొక్కుతుంది. వారానికి 70 కిలోమీటర్లకు అలవాటుపడిన ఆ స్నాయుబంధనపు కట్టు మీద ఒక్కసారిగా దాదాపు మూడు రెట్ల పని పడింది, దానికి తోడు కొండ ఎక్కడంలో ఒక్కో నొక్కుకు పడే బలమూ పెరిగింది. లోపలి కొల్లాజెన్ పోగులు రోజూ కొద్దికొద్దిగా దెబ్బతింటూ, బాగుపడేందుకు వ్యవధి లేక అస్తవ్యస్తంగా తయారవుతాయి.

మీ మూడు వారాల విశ్రాంతి ఎందుకు ఫలించలేదో కూడా ఇందులోనే ఉంది. విశ్రాంతి నొప్పిని తగ్గించింది గాని కట్టును బలపరచలేదు. వాడకపోవడం వల్ల అది మరికొంత బలహీనపడి ఉంటుంది కూడా. మాత్రలు, నొప్పి లేపనాలు కొద్ది రోజుల ఉపశమనానికి తప్ప అంతకు మించి పనికిరావు. ఈ నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోమని ఎవరైనా అంటే తొందరపడకండి. వెంటనే హాయిగా అనిపించినా కొన్ని నెలల తర్వాత పరిస్థితి మరింత దిగజారే అవకాశం ఉంది, స్నాయుబంధనం తెగే ప్రమాదమూ లేకపోలేదు. ఈ కట్టును బాగుచేసేది కొలిచి, క్రమంగా పెంచుతూ వేసే బరువే.

మొదట గోడకుర్చీతో ప్రారంభించండి. చిన్నప్పుడు బడిలో వేయించిన గోడకుర్చీయే, కాకపోతే తొడలు నేలకు సమాంతరంగా వచ్చేంత కిందికి దిగకుండా కాస్త పైనే ఆగండి. 45 సెకన్లు కదలకుండా ఉండి, రెండు నిమిషాలు విశ్రాంతి తీసుకుని, అలా అయిదుసార్లు చేయండి. కదలిక లేని ఈ బిగింపు కొందరికి వెంటనే నొప్పి నుంచి కొంత ఉపశమనం ఇస్తుంది. ఒకటి రెండు వారాల్లో అది తేలికయ్యాక, రోజు విడిచి రోజు బరువుతో గుంజిళ్లు మొదలుపెట్టండి. మూడు సెకన్లలో దిగి, మూడు సెకన్లలో లేవాలి. ఊపుతో లేవకూడదు. వ్యాయామశాలలో లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువును నెట్టే యంత్రం) ఉంటే మంచిది, లేకపోతే నీళ్ల సీసాలు నింపిన వీపు సంచి చాలు. మొదట తక్కువ బరువుతో 15 గుంజిళ్ల చొప్పున మూడు నాలుగు విడతలు చేస్తూ, వారాలు గడిచేకొద్దీ బరువు పెంచి, సంఖ్యను ఆరు వరకు తగ్గించుకుంటూ రావాలి. ఇది కనీసం 12 వారాల పని. నాలుగో వారంలో నొప్పి పోయిందని ఆపేసి, రెండు నెలల తర్వాత మళ్లీ నా దగ్గరికి వచ్చినవారే ఎక్కువ.

వ్యాయామంలో నొప్పి అసలు ఉండకూడదన్న నియమం లేదు. సున్నా నుంచి పది వరకు కొలతలో మూడు దాకా ఫరవాలేదు, అయితే మర్నాటి ఉదయం ఎలా ఉందన్నదే అసలు కొలత. రోజూ నిద్ర లేచాక అవే నాలుగు మెట్లు దిగి, నొప్పికి ఒక అంకె వేసి పుస్తకంలో రాసుకోండి. నిన్నటి కన్నా పెరిగితే నిన్న చేసింది ఎక్కువైందని అర్థం.

సైకిలును ఈలోగా పూర్తిగా మానక్కర లేదు. బీచ్ రోడ్డులో చదునుగా ఉన్న భాగంలో, తేలిక గేరులో, నిమిషానికి 80 నుంచి 90 చుట్లు తిరిగేలా అరగంట తొక్కండి. మీలాంటివారిలో చాలామంది పెద్ద గేరు వేసి 60 చుట్లతో నెట్టుకుపోతుంటారు. ఆ బరువంతా మోకాలి మీదే పడుతుంది. మర్నాటి అంకె పెరగకపోతే వారానికి పదో వంతు చొప్పున దూరం పెంచండి. కైలాసగిరిని అన్నిటికన్నా చివర పెట్టుకోండి. బ్రెవే గురించి కూడా ఒక మాట చెప్పాలి. 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్ల వేగమైనా సరిపోతుంది. అందుకు కొండలమీద మోకాలిని పిండుకోవలసిన పని లేదు.

ఇక సీటు ఎత్తు. సీటు కిందికి ఉంటే మోకాలు ఎక్కువగా వంగి ముందు భాగంలో నొప్పి వస్తుంది, మరీ పైకి ఉంటే వెనుక భాగంలో వస్తుంది. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. నా కుడి మోకాలే ఒకసారి నెలల తరబడి బాగుండి, కారణమేమీ లేకుండా మళ్లీ మొదలైంది. గేర్లు మార్చి చూశాను, దూరం తగ్గించి చూశాను. చివరికి సైకిలు కడుగుతుండగా సీటు కింది గొట్టం మీద పాత దుమ్ము గీత, బిగింపు లోపలికి దిగిపోయి సగమే కనిపించింది. బోల్టు వదులై రోజుకింత చొప్పున సీటు దాదాపు ఒక వేలి మందం దిగిపోయింది. ఆనాటి నుంచి ఆ గొట్టం మీద నల్ల టేపు ముక్క అంటించి ఉంచాను, ఎక్కే ముందు దాన్ని చూడకుండా బయల్దేరను. మీరూ ఒక ముక్క అంటించండి. షూకు క్లీట్లు (అడుగున ఉండి పెడల్‌కు బిగుసుకునే బిళ్లలు) వాడుతుంటే రెండింటి కోణమూ సరిచూసుకోండి, నొప్పి ఒక కాలికే ఉంది కనుక ఇది అవసరం.

మధుమేహం, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారిలో స్నాయుబంధనాలు త్వరగా దెబ్బతింటాయి, ఆలస్యంగా కోలుకుంటాయి. ఈ మధ్య రక్త పరీక్ష చేయించుకోకపోతే చేయించుకోండి. సిప్రోఫ్లాక్ససిన్ వంటి యాంటీబయాటిక్‌లు కూడా స్నాయుబంధనాలకు హాని చేయగలవు, కాబట్టి మరే జబ్బుకైనా మందు రాయించుకునేటప్పుడు ఈ నొప్పి సంగతి వైద్యునికి చెప్పండి.

ప్రశ్న: రోజూ పనికి ఏడు కిలోమీటర్లు వెళ్లి, ఏడు కిలోమీటర్లు వస్తాను. మామూలు లేడీస్ సైకిలు. రెండు మోకాళ్లలోనూ చిప్ప పైభాగం సాయంత్రానికి లాగేస్తోంది.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతున్నాయేమో ముందు చూడండి. ఆనుతుంటే సీటు చాలా కిందికి ఉన్నట్టే. పడిపోతామన్న భయంతో మనవాళ్లలో చాలామంది అలాగే పెట్టించుకుంటారు. మడమను పెడల్ మీద ఉంచి, పెడల్‌ను అట్టడుగుకు తెచ్చినప్పుడు కాలు దాదాపు తిన్నగా సాగాలి. సైకిలు షాపులో ఆ మేరకు పెంచమనండి, కానీ ఒకేసారి వద్దు, నాలుగైదు రోజులకొకసారి అర సెంటీమీటరు చొప్పున పెంచుకుంటే చాలు. ఆగేటప్పుడు సీటు మీదే ఉండి నేలకు కాలు చాచకుండా, ముందుకు జారి సీటు దిగి నిలబడడం ఖాళీ స్థలంలో సాధన చేయండి, రెండు రోజుల్లో అలవాటవుతుంది. చక్రాల్లో గాలి తక్కువైనా, చైనుకు నూనె లేకపోయినా మోకాళ్లమీద బరువు పెరుగుతుంది. మోకాలు ఉబ్బినా, మధ్యలో పట్టేసి కదలకపోయినా, జ్వరంతో నొప్పి వచ్చినా, కూర్చున్నచోట కాలు తిన్నగా ఎత్తలేకపోయినా మాత్రం వ్యాయామాల కోసం ఆగకుండా ఆ రోజే వైద్యుని దగ్గరికి వెళ్లండి.